ఊరు దాటితే: నెత్తిమీది అడవి

మాథేరాన్ వెళ్ళివచ్చిన వాళ్ళను "ఏమి చూశారు?" అని అడిగి చూడండి. ముందు గుర్రం సంగతి చెబుతారు. తరువాత చేతిలో పొట్లం లాక్కుపోయిన కోతి సంగతి. ఆ తరువాత చిక్కీ ఎంతకు కొన్నారో చెబుతారు. అడవి సంగతి మనం అడిగితే గాని రాదు. అడిగినా "ఆ, చెట్లు బాగానే ఉన్నాయి" అని ఊరుకొంటారు. ముంబయి, ఠాణా, కల్యాణ్, భివండీలలో ఉన్న మన కుటుంబాలు తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరుకోగల అడవి అది. పుణే వారికీ దూరం కాదు. ఇంత దగ్గరలో ఉన్నదానిని అంత తేలికగా తీసివేయడం మాకు నచ్చక ఈ నెల ఆ బాట పట్టాము.

పేరులోనే అడవి ఉన్నది. మరాఠీలో 'మాథా' అంటే తల, 'రాన్' అంటే అడవి. నెత్తిమీది అడవి అన్నమాట. సహ్యాద్రి కొండలలో సుమారు 800 మీటర్ల ఎత్తున, పైన బల్లపరుపుగా ఉన్న కొండ ఇది. 1850 మే నెలలో ఠాణా కలెక్టరు హ్యూ మాలెట్ దొర ఎక్కి చూసి, వేసవి గడపడానికి ఇంతకంటె మంచి చోటు లేదని తేల్చాడు. ఆయన చూసేదాకా అక్కడ ఎవరూ లేరని మాత్రం అనుకోరాదు. ఠాకర్లు, కాత్కరీలు, ధనగర్లు ఎప్పటినుంచో ఎక్కి దిగుతున్న కొండ అది. దొరలు వచ్చి బంగళాలు కట్టుకొని, కనిపించిన ప్రతి కొండకొమ్ముకూ ఒక ఇంగ్లీషు పేరు తగిలించిపోయారు. ఆ పేర్లు నేటికీ చెల్లుబాటు అవుతున్నాయి.

ఇక అసలు విశేషం. ఈ ఊళ్ళో మోటారు తిరగదు. కారు లేదు, బస్సు లేదు, స్కూటరు లేదు. వెనుకటినుంచీ ఉన్న కట్టుబాటే ఇది. 2003 ఫిబ్రవరి 4న కేంద్ర ప్రభుత్వం మాథేరాన్‌ను, చుట్టుపక్కల నేలను కలిపి పర్యావరణ రీత్యా సున్నిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు దానికి చట్టబలం కూడా వచ్చింది. రోగులను మోసే బండికి, మంటలార్పే బండికి అప్పుడు మినహాయింపు ఇచ్చారు. మన కారైనా, అద్దె టాక్సీ అయినా దస్తూరీ నాకా దగ్గర ఆగిపోవలసిందే. అక్కడినుంచి బజారు దాదాపు మూడు కిలోమీటర్లు. ఈ మూడు కిలోమీటర్లు ఎలా వెళతారన్న దానిమీదనే అక్కడి జనం బ్రతుకు నడుస్తున్నది. తగవులు కూడా ఆ మూడు కిలోమీటర్ల మీదనే.

ముందు అక్కడికి చేరే దారి చెబుతాము. ముంబయి నుంచి కర్జత్ వెళ్ళే లోకల్ బండి ఎక్కి నేరల్‌లో దిగాలి. (పోయిన మారు మాతో వచ్చిన ఒక పెద్దమనిషి ఆ స్టేషను పేరు చూసి, "ఇది మన నేరేడేనండీ, పూర్వం ఇక్కడ తెలుగువాళ్ళుండేవారు" అని బండి ఆగేలోపల ఒక చరిత్రే కట్టివేశారు. పైన కొండమీద నేరేడు చెట్లు నిజంగానే ఉన్నాయి గాని, మరాఠీలో వాటిని జాంభూళ్ అంటారు.) నేరల్ నుంచి టాక్సీలో ఘాటు ఎక్కవచ్చు, లేదా చిన్నబండి ఎక్కవచ్చు.

ఆ చిన్నబండిది పెద్ద కథ. బోరా వర్తకుడు సర్ ఆదంజీ పీర్‌భాయ్ గారి కుమారుడు అబ్దుల్ హుసేన్ గారు పూనుకొని, తండ్రి ఇచ్చిన డబ్బుతో వేయించిన దారి అది. పట్టాల మధ్య వెడల్పు రెండు అడుగులే. సుమారు 20 కిలోమీటర్ల దారి, 1907 మార్చిలో మొదలయినది. నాటి లెక్కలో 16 లక్షల రూపాయలు ఖర్చయినదంటారు. కొండ చుట్టూ పాములాగా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. 2005 వరదలలో దారి కొట్టుకుపోయింది; 2016లో బండి రెండు మార్లు పట్టాలు తప్పితే ఆపివేశారు; 2019 వానలు మళ్ళీ దెబ్బతీశాయి; 2022 అక్టోబరులో తిరిగి నడవసాగింది. వానాకాలంలో నేరల్ నుంచి బండి ఉండదు. అయితే దస్తూరీ పక్కనే ఉన్న అమన్ లాడ్జ్ స్టేషను నుంచి మాథేరాన్ బజారుదాకా ఒక చిన్న షటిలు నడుస్తుంది. ఈ షటిలు ఉన్నదన్న సంగతి గుర్తుంచుకోండి. ఎందుకో ఇప్పుడే చెబుతాము.

దస్తూరీలో దిగగానే పదిమంది చుట్టుముడతారు. "బండి లేదు", "నడవలేరు, ఏడు కిలోమీటర్లు", "పైన అంతా బురద" - ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్క సంగతి చెబుతారు. పిల్లలు బెదిరిపోతారు, ఇంటాయన జేబు తడుముకొంటాడు. ఇది మా ఫిర్యాదు కాదు, ఆ ఊరివాళ్ళదే. 2025 మార్చిలో మాథేరాన్ జనమే దుకాణాలూ హోటళ్ళూ మూసి బంద్ చేశారు. నాకా దగ్గర లేనిపోని మాటలు చెప్పి యాత్రికులను మోసగిస్తున్నారని, దానివల్ల ఊరి పేరే చెడుతున్నదని వారి బాధ. కనుక మీరు చేయవలసినదేమంటే, ఎవరితోనూ వాదం పెట్టుకోకుండా నాలుగడుగులు వేసి స్టేషనుదాకా వెళ్ళి షటిలు వేళ మీరే కనుక్కోవడం. టిక్కెటు దొరికితే సరి. దొరకకపోతే నడక ఉండనే ఉన్నది.

ఆ నడకే మాకు ప్రాణం. రైలు పట్టాల పక్కనే బాట. నేల ఎర్రగా, తడిసిన కుంకుమ రంగులో ఉంటుంది. జంభిట్టరాతి నేల అది. వానలో మెత్తబడుతుంది, ఎండలో పొడి అవుతుంది. అరగంట నడిచేసరికి చెప్పులు, పాదాలు, పంచె అంచు అన్నీ ఒకే రంగులోకి తిరుగుతాయి. తెల్లబట్టలు కట్టుకొని వెళ్ళేవారికి మా సానుభూతి. రెండువైపులా చెట్లు నెత్తిన గొడుగు పట్టినట్లు కమ్ముకొని ఉంటాయి. మామిడి, నేరేడు సరే. వాళ్ళు 'హిరడా' అనేది మన కరక్కాయ చెట్టే. 'అంజనీ' అనేది మన అల్లి చెట్టు. పూసినప్పుడు కొమ్మకు కొమ్మ నీలం రంగు పూతతో నిండిపోతుంది. మన తెలుగునాట పొలాల గట్లమీద పెరిగిన పెద్దవాళ్ళెవరయినా వెంట ఉంటే ఈ చెట్లను ఇట్టే గుర్తుపడతారు. వాళ్ళనే ముందు నడవనివ్వండి. మా జట్టులో ఒక అమ్మమ్మగారు కరక్కాయ ఏరుకొని కొంగున ముడివేసుకొంటూంటే, అడవిలో ఏదీ తీసుకోరాదని ఆమె మనవడే అడ్డుపడ్డాడు. ఆమె ముడి విప్పి, కాయను ఉన్నచోటనే పెట్టి, వాడి వీపు తట్టింది.

ఏ కొమ్ము చూడాలి అని అడిగేవారికి మేము చెప్పేది ఇది. ముప్పైకి పైగా 'పాయింట్లు' ఉన్నాయి. అన్నీ చూడబోతే ఏదీ చూడలేరు. బజారునుంచి షార్లెట్ చెరువు మీదుగా లూయీసా కొమ్ముదాకా వెళ్ళిరండి. ఊరికి మంచినీళ్ళు ఇచ్చేది ఆ చెరువే, అందుచేత చేతులు కాళ్ళు కడుక్కోవద్దు. దగ్గరలోనే పిసర్‌నాథ్ అనే శివుడి గుడి; పెద్దవాళ్ళు కాసేపు కూర్చుంటారు. లూయీసా కొమ్మునుంచి చూస్తే ఎదురుగా ప్రబల్‌గఢ్ కోట కొండ గోడలాగా నిలబడి ఉంటుంది. కాళ్ళలో సత్తువ ఉన్న కుర్రవాళ్ళు మాత్రం తెల్లవారకముందే లేచి ఉత్తరాన పనోరమా కొమ్ముదాకా నడవాలి. పొద్దు పొడిచేవేళ అక్కడ ఉండడానికే రాత్రి ఊళ్ళో బస చేయవలసినది. లేకపోతే బస దండుగ.

ఇప్పుడు గుర్రం. నాలుగు వందలకు పైగా లైసెన్సు ఉన్న గుర్రాలున్న కొండ ఇది. ఊరి జనాభా చూడబోతే 2011 లెక్కలలో అయిదువేలు కూడా లేదు. అంటే ఎన్ని ఇళ్ళు గుర్రంమీద బ్రతుకుతున్నాయో మీరే ఊహించుకోవచ్చు. యాత్రికులనే గాక ఊరికి కావలసిన సరుకులు కూడా గుర్రాలే మోస్తాయి. గుర్రం ఎక్కడం తప్పని మేమనము. పిల్లలకు అదొక పండుగ. అయితే ఎక్కే పద్ధతి తెలిసి ఎక్కాలి.

గుర్రాల సంగతి తెలిసినవాళ్ళు చెప్పే మోటు లెక్క ఒకటున్నది. గుర్రం తన బరువులో అయిదో వంతు వరకు సుఖంగా మోస్తుంది. మాథేరాన్ గుర్రాలు పందెపు గుర్రాలు కావు, పొట్టి తట్టువలు. మూడువందల కిలోల గుర్రమైతే జీనుతో కలిపి అరవై కిలోలు. ఈ లెక్క మన సంఘం సభ్యులలో చాలామందికి రుచించదని మాకు తెలుసు. రుచించకపోయినా లెక్క లెక్కే. పెద్ద శరీరం ఉన్నవారు నడిస్తే గుర్రానికీ వారికీ ఇద్దరికీ ఆరోగ్యం.

ఎక్కేముందు గుర్రాన్ని ఒక్కసారి చూడండి. కుంటుతున్నదా? జీను కింద పుండు ఉన్నదా? డొక్కలు ఎండిపోయి ఉన్నాయా? అలాంటిదైతే వద్దనండి, అందరూ వద్దంటే ఆ గుర్రానికి సెలవు దొరుకుతుంది. బేరం ముందే కుదుర్చుకొని, ఎక్కడిదాకా, ఎంతసేపు అన్నది పిల్లల ఎదుట కాక పెద్దలతో పెద్దలు మాట్లాడుకోండి. శిరస్త్రాణం అడగండి, లేదంటే ఇంకొక గుర్రంవాడి దగ్గరికి వెళ్ళండి. రికాబులో పాదం ముందుభాగం మాత్రమే ఉంచాలి, మడమ కిందికి వంచాలి. పాదమంతా దూర్చితే పడినప్పుడు కాలు ఇరుక్కొని ఈడ్చుకుపోతుంది. ఎక్కుడులో ముందుకు వంగాలి, దిగుడులో వెనక్కు వాలాలి. ఆడపిల్లలు చీరతో గుర్రమెక్కే ప్రయత్నం చేయవద్దు. పగ్గం పట్టుకొన్న మనిషి పక్కన ఉండగానే నడిపించండి. సినిమాలో చూసినట్లు దౌడు తీయించాలని మన కుర్రవాళ్ళకు ఒక సరదా. ఆ సరదా కొండ అంచున తీర్చుకోవలసినది కాదు.

నడిచేవాళ్ళకూ కొన్ని మర్యాదలున్నాయి. వెనుక గిట్టల చప్పుడు వినగానే బాటకు కొండవైపు జరిగి నిలబడండి, లోయవైపు కాదు. బెదిరిన గుర్రం తోసివేస్తే కొండవైపున వీపుకు మట్టి అంటుతుంది. లోయవైపున సంగతి చెప్పనక్కర లేదు. గుర్రం పక్కన ఠపీమని గొడుగు విప్పకూడదు. వెనకనుంచి వెళ్ళి తోక ముట్టుకోకూడదు. లద్దె చూసి ముక్కు మూసుకొని కేకలు పెట్టే అత్తకోడళ్ళను మేము చూశాము. అడవిబాట అది, కొత్తగా కట్టిన ఇంటి వరండా కాదు.

మాటలో మాటగా చేతిరిక్షాల సంగతి చెప్పాలి. మోటారు లేని ఊళ్ళో గుర్రం ఎక్కలేని ముసలివాళ్ళు, గర్భిణులు, రోగులు ఎలా వెళతారు? ఇన్నాళ్ళూ మనుషులు లాగే రిక్షాలో వెళ్ళారు. ముందు ఒకరు లాగుతారు, వెనక ఒకరిద్దరు తోస్తారు. అలాంటి రిక్షాలు 94 ఉండేవి.

2023 నవంబరులో మా జట్టులో ఒక పెద్దావిడ వచ్చారు. వయస్సు 74. అందరూ అత్తయ్యగారు అని పిలుస్తారు. కామాఠీపురాలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ తాత పాలమూరు వైపునుంచి వచ్చి ముంబయిలో మేడలకు రాళ్ళు మోసినవాడు. మన తెలుగు కూలీలను కామాఠీలనడంవల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చిందని మన పాఠకులకు చెప్పనక్కర లేదు. ఆ రోజు షటిలు టిక్కెట్లు అయిపోయాయి. ఆవిడకు మోకాళ్ళ నొప్పి. రిక్షా ఒకటి మాట్లాడాము. ఆవిడ దాని దగ్గరికి వచ్చి, లాగే మనిషిని పైనుంచి కిందిదాకా చూసి, "నేనెక్కను" అన్నారు.

"ఎందుకు ఆజీ?" అన్నాడతను. నలభై ఏళ్ళుంటాయి.

ఆవిడ మరాఠీ ఆవిడకు ధారాళంగా వచ్చు. "మా తాత రాళ్ళు మోశాడు నాయనా. నన్ను ఇంకొకడు మోయడం నా వల్ల కాదు" అన్నారు.

అతను తువ్వాలుతో మెడ తుడుచుకొని, "మీ తాతకు ఆ రోజు కూలి ఇచ్చారు గదా ఆజీ? మీరు ఎక్కకపోతే నాకు ఇవాళ కూలి లేదు" అన్నాడు.

మా జట్టులో ఒక్కరికీ నోట మాట లేదు. చివరకు ఆవిడే ఒక దారి కనిపెట్టారు. మా సంచులన్నీ రిక్షాలో వేయించి, పూర్తి కూలి మాట్లాడి, తాను దాని పక్కన నడిచారు. ఆ మనిషి అడుగు ఆవిడ అడుగుకు తగ్గించుకొన్నాడు. దారిపొడుగునా పిల్లల చదువుల సంగతి, నొప్పికి రాసుకొనే నూనెల సంగతి మాట్లాడుకొన్నారు. అయితే బజారు దగ్గరి ఎక్కుడులో ఆవిడ మోకాలు మొరాయించింది. అతను ఏమీ అనకుండా సంచులు పక్కకు జరిపి చోటు చేశాడు. ఆవిడ ఏమీ అనకుండా ఎక్కి కూర్చున్నారు. రెండు వందల గజాలుంటుందేమో. దిగేవరకు కళ్ళు తెరవలేదు. తరువాత ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఆ ప్రశ్న సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. బ్యాటరీతో నడిచే రిక్షాలను ప్రయోగంగా నడపడానికి 2022లో అనుమతి దొరికింది. 2022 డిసెంబరునుంచి కొన్ని నెలలు నడిచి ఆగాయి. తరువాత ఇరవై రిక్షాలకు మించకుండా, అవి కూడా చేతిరిక్షా లాగేవారికే ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2025 ఆగస్టు 6న ప్రధాన న్యాయమూర్తి గవాయ్ గారి ధర్మాసనం మరొక అడుగు వేసింది. రాజ్యాంగం వచ్చి 75 ఏళ్ళు దాటిన తరువాత కూడా మనిషిని మనిషి లాగడం మానవ గౌరవానికి తగదని, ఆరు నెలలలో చేతిరిక్షాలను మాన్పించి బ్యాటరీ రిక్షాలకు మార్చాలని ఆజ్ఞాపించింది. పంజాబు రిక్షా కార్మికుల కేసులో ఇదే కోర్టు 1980లో చెప్పిన మాటను గుర్తుచేసింది. గుజరాతులో కేవడియా దగ్గర స్థానిక స్త్రీలు నడుపుతున్న రిక్షాలను ఆదర్శంగా తీసుకొమ్మన్నది. డబ్బు లేదన్నది సాకుగా చెప్పరాదన్నది కూడా. మాకు అన్నిటికంటె నచ్చిన సంగతి, బండి ఇచ్చేటప్పుడు ఇన్నాళ్ళూ లాగినవానికే ముందు ఇవ్వమనడం. రిక్షా తీసివేసి మనిషిని రోడ్డున పడవేయడం సంస్కరణ కాదు. ఆ రోజు అత్తయ్యగారితో అతను అన్న మాటకు జవాబు ఏదైనా ఉంటే అది ఇదే.

కాని బ్యాటరీ రిక్షాకు ఎర్రమట్టి బాట పనికిరాదు, చక్రం దిగబడుతుంది. అందుకని బాటమీద ఇటుకబిళ్ళలు పరచసాగారు. ఇక్కడ గుర్రాలవాళ్ళు అడ్డుతగిలారు. నున్నని బిళ్ళమీద, అందులో వానాకాలంలో, లాడం కొట్టిన గిట్ట జారుతుందని వారి వాదం. తమ పొట్టమీద కొట్టే రిక్షాను ఆపడానికే ఇలా అంటున్నారని ఎదుటిపక్షం. రెండింటిలోనూ నిజం ఉన్నది. తన పొట్టకోసం మాట్లాడేవాడు అబద్ధమే ఆడతాడని లేదు కదా! తడిసిన బండమీద గుర్రాన్ని నడిపించి చూసినవారికి ఆ జారుడు సంగతి తెలుసు. మట్టిబాట పక్షంలో లేని దోషమూ లేదు. వందల గిట్టలు తొక్కగా లేచిన దుమ్ము వేసవిలో చెట్ల ఆకులమీద దళసరిగా పేరుకొంటుంది. వానలో ఆ మట్టే కొండ దిగి కొట్టుకుపోతుంది.

కోర్టు ఇచ్చిన తీర్పులో ఒక గీత గీశారు. దస్తూరీ నాకానుంచి ఊళ్ళో శివాజీ విగ్రహందాకా ఉన్న ముఖ్యమైన బాటమీద బిళ్ళలు వేయవచ్చు. లోపలి బాటలమీద, కొండబాటలమీద వేయరాదు. మా దృష్టిలో ఇది సరైన గీత. నడవలేనివారికి ఒక్క బాట. తక్కిన అడవి అంతా పాదాలకూ గిట్టలకూ. అయితే ఇలాంటి గీతలు మెల్లగా పాకుతాయని మనకు అనుభవమే. మొదట రోగికోసం వేసిన బాట, తరువాత హోటలుకోసం, ఆ తరువాత హోటలుకు వచ్చే మన సంచులకోసం. కాళ్ళు బాగున్న మనం బ్యాటరీ రిక్షా వరుసలో నిలబడితే ఆ గీత జరగడానికి మన వంతు సాయం చేసినట్టే.

సైకిలు మాట ఎత్తలేదేమని పిల్లలు అడుగుతారు. సైకిలుకు మేము మాథేరాన్ చెప్పము. ఎత్తుపల్లాల ఎర్రమట్టి, పైగా గుర్రాల మంద. సైకిలు గంట ఒక్కటి చాలు ఒక గుర్రం బెదరడానికి. సైకిలు సరదా ముంబయిలోనే, బోరివలి అడవిలో తీర్చుకోవచ్చు. సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం అన్నది కాగితంమీది పేరు. ఊళ్ళోవాళ్ళకు అది నేషనల్ పార్కే. కోటిన్నరకు పైగా జనం ఉన్న నగరం ఒడిలో వంద చదరపు కిలోమీటర్లకు పైగా అడవి, అందులో చిరుతపులులు. ఇలాంటిది ప్రపంచంలో మరెక్కడో గాని లేదు. సోమవారం సెలవు. గేటు లోపలనే సైకిళ్ళు అద్దెకు ఇస్తారు. బ్రేకులు, గాలి చూసుకొని తీసుకోండి. లోపలి తారురోడ్డున కాన్హేరీ గుహలదాకా ఆరేడు కిలోమీటర్లు తొక్కుకొని పోవచ్చు. చివర ఎక్కుడు ఉన్నది, అక్కడ దిగి నడిపించుకొంటే ఎవరూ నవ్వరు. బస్సులు కూడా తిరుగుతాయి కనుక ఎడమపక్కనే తొక్కాలి. పొద్దు వాలకముందే బయటికి వచ్చివేయాలి. చీకటి పడ్డాక ఆ రోడ్డు చిరుతది.

కాన్హేరీలో నూరుకు పైగా బౌద్ధ గుహలు. గోడలమీద బ్రాహ్మీ లిపిలో శాసనాలు. వాటిలో యజ్ఞశ్రీ శాతకర్ణి పేరున్న శాసనం ఉన్నది. అదే రాజు శాసనం మన గుంటూరు సీమ చినగంజాం దగ్గర కూడా దొరికింది. పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రందాకా ఒకే ఏలుబడి. సైకిలు తొక్కి అలసిపోయి గుహ చల్లదనంలో కూర్చున్న పిల్లలకు ఈ ముక్క చెబితే పాఠంలాగా ఉండదు. మేము చెప్పి చూశాము, ఒక్కడు కూడా ఆవులించలేదు.

వెంట తీసుకువెళ్ళవలసినవి పెద్దగా లేవు. నీళ్ళసీసా ఇంటిదే పట్టుకువెళ్ళండి, ఖాళీ సీసా ఇంటికే తెచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం మూతగట్టి డబ్బాలో పెట్టుకోవాలి. కాగితపు పొట్లం చప్పుడుకు కోతులు చెట్టుమీదనుంచే చెవులు రిక్కిస్తాయి. కోతులకు మీరుగా ఏదీ పెట్టవద్దు; ఇవాళ మీరు పెట్టిన అరటిపండు రేపు ఇంకొక పిల్లవాడి చేతిమీద గోటిగాటు. మాథేరాన్‌లో ఊళ్ళోకి వెళ్ళడానికి మునిసిపాలిటీ రుసుము కట్టాలి, రసీదు తీసుకొని దాచుకోండి. తిరుగు షటిలు ఆఖరిది ఎప్పుడో వెళ్ళగానే కనుక్కోండి. అది తప్పితే మూడు కిలోమీటర్లు చీకట్లో నడవాలి, చేతిలో దీపం ఉండాలి.

మాఘమాసంలో ఒక ఆదివారం సంఘం తరపున మాథేరాన్ వెళ్ళాలని కార్యవర్గం అనుకొన్నది. కర్జత్ లోకల్‌లో పోయి, దస్తూరీ నుంచి అందరమూ నడక. నడవలేని పెద్దలకు షటిలు టిక్కెట్లు ముందుగా వెళ్ళినవారు వరుసలో నిలబడి తీసిపెడతారు; అందుకు ఇద్దరు కుర్రవాళ్ళు కావాలి. వచ్చేవారు పేర్లు ఈ నెలాఖరు లోపల కార్యదర్శిగారికి అందజేయగలరు. గుర్రం కావలసినవారు పేరు పక్కన బరువు కూడా రాయవలెను.